చేప పిల్ల మొదటి మూడు రోజులు: తొట్టి ఆకారం, నీటి నడక



వరి చేలో చేపలు వదిలిన వీడియో పెట్టాక నాకు వచ్చిన ఫోన్లలో సగం ఒకే సంగతి మీద వచ్చాయి. "బయట స్పాన్ కొంటున్నామండి. ఏ మందులు వాడి తీసిన పిల్లో తెలీదు. వరి విత్తనం మనమే దాచుకుంటున్నాం కదా, చేప పిల్లని కూడా మనమే తీసుకోలేమా?" అని. తీసుకోవచ్చు. కాకపోతే తల్లిచేపల ఎంపిక గురించి, ఇంజక్షను గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, గుడ్డు నీళ్ళలో పడ్డాక మొదటి మూడు రోజులు ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. నేను దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే. అందుకే ఈసారి వీడియోలో తల్లిచేపల జోలికి పోకుండా, ఖాళీ తొట్టిలో నీళ్ళు తిప్పి చూపించాను. కెమెరా ముందు చెప్పలేకపోయిన కొలతలు, లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు కావాలి. పూర్వం గోదావరి లాంటి నదుల్లో వరద రోజుల్లో వలలు కట్టి పిల్లలు పట్టేవాళ్ళు. అందులో బొచ్చె పిల్లతో పాటు దాన్ని తినే వాలుగ పిల్ల కూడా వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారి బృందం పీయూష గ్రంథి రసం ఇచ్చి చెరువు చేపలతో గుడ్లు పెట్టించింది. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళలో కొందరికి ఈ హార్మోను ఇంజక్షను ఇష్టం ఉండదు, నాకు తెలుసు. ఇష్టం లేనివాళ్ళు బంగారుతీగతో మొదలుపెట్టండి. అది నాచు మీద తనంతట తానే గుడ్లు పెడుతుంది. బెంగాల్‌లోని బాంకురా వైపు వాన నీరు పారివచ్చే బంధాల్లో మేజర్ కార్పులే గుడ్లు పెట్టే పద్ధతి కూడా ఉంది. ఏ దారిలో వచ్చినా గుడ్డు గుడ్డే. దానికి కావలసిన నీటి నడక మారదు.

ఆ రాత్రి ఏమైంది

మాది కైకలూరు వైపు. మూడు మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి తొట్టి ఒకటి కట్టించాను. మధ్యలో మెష్ గుడ్డ చుట్టిన గొట్టం లాంటి గుండం, ఆ గుండం నడుమ నీళ్ళు బయటికి పోయే నిలువు పైపు. చైనా పద్ధతి అంటారు దీన్ని. హేచరీలు చూసినవాళ్ళకి తెలిసిందే. కట్టేటప్పుడు నేను తెలివి అనుకుని రెండు పనులు చేశాను. మధ్య గుండం ఒక మీటరు ఉండాల్సింది 60 సెంటీమీటర్లకి తగ్గించాను, పిల్లకి చోటు ఎక్కువ దొరుకుతుందని. గుడ్లు ఒక్కటి కూడా జారిపోకూడదని మెష్ రెండు పొరలు చుట్టాను.

మొదటి రెండు తడవలు తక్కువ గుడ్లు వేశాం, బాగానే వచ్చింది. మూడో తడవ పదిమంది రైతుల కోసం 20 లక్షల గుడ్లు దాకా వేశాం. వాళ్ళంతా అప్పటికే నర్సరీ మడుగులు ఎండగట్టి, పేడ వేసి, జీవామృతం పోసి, నీటిని తయారు చేసుకుని కూర్చున్నారు. పేడ వేసిన నీటిలో సన్న ప్లవకాలు పుట్టే రోజులకి స్పాన్ పడాలి. ఆలస్యమైతే పెద్ద పురుగులు తయారై పిల్లనే తింటాయి. అది మీకు చెప్పక్కర్లేదు.

గుడ్లు తెల్లవారుజామున తొట్టిలో వేశాం. మా వైపు నీటి వేడికి 14 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికి వస్తుంది. అంటే రాత్రి 8 నుంచి 11 లోపు, మనిషికి కళ్ళు మూతలు పడే వేళకి. పదిన్నరకి కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు. "బయట నీళ్ళు పైకి లేస్తున్నాయండి, మధ్య గుండంలో మాత్రం కిందకి ఉన్నాయి. గట్టు మీదుగా పోయేలా ఉంది" అన్నాడు. నేను ఊళ్ళో పెళ్ళిలో ఉన్నాను. "వాల్వు ముట్టుకోకు, నీళ్ళు తగ్గితే పిల్ల అడుక్కి పోతుంది" అని పెట్టేశాను. గట్టు మీదుగా పిల్ల పొర్లిపోతుంటే చూడలేక అతను వాల్వు కొంచెం కట్టాడు.

పొద్దున వెళ్ళేసరికి మెష్ అడుగు భాగం చుట్టూ తెల్లగా, తడిపిన అటుకులు అతికించినట్టు పిల్ల. నాలుగో రోజు కొలిస్తే 4 లక్షలు కూడా లేదు. వాల్వు కట్టడం వల్లే పిల్ల పోయిందని ఆ కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టి పంపించేశాను. రైతులకి అడ్వాన్సులు తిరిగిచ్చాను. ఒక పెద్దాయన డబ్బు తీసుకోకుండా, "మడుగు తయారైంది బాబూ, డబ్బు పోస్తే అందులో ఈదుతుందా" అన్నాడు. ఆయనకి ఆ ఏడు చేలో చేప లేదు.

తర్వాత గుడ్డు నాణ్యత అనుకున్నాను, కాలువ నీటిలో పురుగుమందు అనుకున్నాను, ఇంజక్షను మోతాదు అనుకున్నాను. అసలు కారణం కుర్రాడు ఫోన్‌లో చెప్పిన మొదటి వాక్యంలోనే ఉంది. అది తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

పిల్ల ఈదలేదు, నీరే మోస్తుంది

గుడ్డులోంచి వచ్చిన కార్పు పిల్ల అర సెంటీమీటరు ఉంటుంది. దారప్పోగు లాంటి ఒళ్ళు, కింద పచ్చసొన సంచి. నోరు ఇంకా తెరుచుకోదు. మొప్పలు పనిచెయ్యవు, ఒంటి చర్మం మీదుగానే ఊపిరి. ఈత రాదు, ఒక్క గెంతు పైకి వేసి, మళ్ళీ తలకిందులుగా జారుతుంది. పచ్చసొన కరిగేదాకా, అంటే సుమారు మూడు రోజులు, ఇదే పరిస్థితి. ఈ మూడు రోజులు దానికి మేత అక్కర్లేదు. దాని ఒంటి చుట్టూ ఎప్పటికప్పుడు కొత్త నీరు మారుతూ ఉంటే చాలు. నీరు ఆగితే పిల్ల అడుగున పేరుకుంటుంది, పేరుకున్న చోట పైపిల్ల కిందిపిల్ల ఊపిరి తీసేస్తుంది. నీరు మరీ లాగితే మెష్‌కి అతుక్కుంటుంది, అతుక్కున్నది వెనక్కి రాలేదు. ఆ సన్న ఒళ్ళు మెష్ మీద ఒక్క రాపిడికే చిట్లుతుంది, సంచి పగిలితే ఇక అయిపోయినట్టే.

అందుకే ఒకే వేగం మూడు రోజులూ పెట్టకూడదు. గుడ్డు ఉన్నప్పుడు ఒకటి, చిట్లే గంటల్లో ఒకటి, పిల్ల అయ్యాక ఒకటి. మా తొట్టిలో కొలిచే విధానం చెబుతాను. తొట్టి నడిమధ్య నుంచి ఒక మీటరు దూరంలో ఒక వేపాకు వెయ్యండి. అది ఒక చుట్టు తిరిగితే ఆరుంపావు మీటర్లు నడిచినట్టు. ఆ చుట్టు 30 సెకన్లలో తిరిగితే వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు. గుడ్లు ఉన్న గంటల్లో నేను 20 నుంచి 30 సెకన్లకి ఒక చుట్టు వచ్చేలా పెడతాను. గుడ్లు చిట్లడం మొదలవ్వగానే 45 సెకన్ల నుంచి నిమిషం దాకా తీసుకొస్తాను. పొరలన్నీ కరిగి, మెష్ శుభ్రపడ్డాక మళ్ళీ 30 సెకన్ల దగ్గరికి. ఇది మా తొట్టి కొలత. మీ తొట్టి చిన్నదైతే చుట్టు దూరం మారుతుంది, వేగం లెక్క మాత్రం అదే.

ఆకు పైనీటి సంగతే చెబుతుంది. అడుగున ఏం జరుగుతోందో చెప్పదు. దానికి మా ఇంట్లో దొరికిన ఉపాయం సగ్గుబియ్యం. నానబెట్టి, ఉడికీ ఉడకనట్టు ఉడికించి, చల్లార్చి, గిద్దెడు తొట్టిలో వెయ్యండి. నీరు పీల్చిన కార్పు గుడ్డు అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఉడికిన సగ్గుబియ్యమే. గుడ్డు కంటే ఇది కాస్త బరువు కాబట్టి పరీక్ష గట్టిగానే ఉంటుంది. పది నిమిషాల తర్వాత ఎక్కడ కుప్పపడిందో అక్కడ మీ గుడ్లూ కుప్పపడతాయి. వీడియోలో మా తొట్టిలో ఒక డక్‌మౌత్ పక్కన జానెడు మేర కుప్ప కనిపిస్తుంది చూడండి, ఆ నోరు ఇసుకతో సగం మూసుకుపోయి ఉంది. పరీక్ష అయ్యాక తొట్టి ఖాళీ చేసి కడగడం మర్చిపోవద్దు, గంజి మిగిలితే మర్నాటికి నీరు పాడు.

గుండ్రటి తొట్టి ఎందుకు, నీళ్ళు అడుగు నుంచి ఎందుకు

జీవామృతం కలుపుకునే నలుచదరం సిమెంటు తొట్టి ఖాళీగా ఉంది, పనికొస్తుందా అని ముగ్గురు అడిగారు. ఉన్నదున్నట్టు పనికి రాదు. నీరు ఎంత తిప్పినా నాలుగు మూలల్లో నిలబడిపోతుంది, పిల్ల అక్కడే చేరుతుంది. మూలల్ని ఇటుక ముక్కలూ సిమెంటూ పెట్టి గుండ్రంగా మలుచుకుంటే కొంత నయం. అంతకంటే బావి వరలు తెచ్చి దించుకోవడం తేలిక. కొత్త సిమెంటు అయితే సున్నం ఊరుతుంది, నీళ్ళు నింపి వదిలేస్తూ రెండు మూడు వారాలు కడుక్కోవాలి. తొందరపడి మొదటి వారంలోనే గుడ్లు వేశారంటే తొట్టినే నష్టపోతారు.

గుండ్రటి తొట్టిలో కూడా ఒక చిక్కుంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు టీ పొడి వేసి చెంచాతో తిప్పి వదలండి. పొడి అంచుకి పోతుందనుకుంటాం. పోదు, అడుగున సరిగ్గా మధ్యలోకి వచ్చి చేరుతుంది. పైనీరు జోరుగా తిరుగుతూ అంచుని నొక్కుతుంది. అడుగునీటికి నేల రాపిడి వల్ల జోరు తగ్గి, ఆ నొక్కుడుకి మధ్యకి జారుతుంది, జారుతూ బరువైనదాన్ని వెంట తెస్తుంది. మన తొట్టిలో మధ్యన ఉన్నది ఏమిటి? మెష్ గుండం. అంటే పైనుంచి ఒక పైపు వంచి నీళ్ళు తిప్పామంటే గుడ్లనీ పిల్లనీ మనమే తీసుకెళ్ళి మెష్ పాదాల దగ్గర పోస్తున్నట్టు. అందుకే చైనా తొట్టిలో నీరు అడుగు నుంచి వస్తుంది. నేలలో చుట్టూ బాతుముక్కులా నొక్కిన నోళ్ళు, 45 డిగ్రీల వాలులో, అన్నీ ఒకే దిక్కుకి. అవి నీటిని తిప్పుతూనే పైకి ఎత్తుతాయి. ఒక్క నోరు దిక్కు తప్పినా, మూసుకుపోయినా అక్కడ నీరు నిలుస్తుంది. మేస్త్రీ పని అయిపోయింది అనగానే డబ్బు ఇవ్వకండి. నీళ్ళు వదిలి, చిన్న గ్లాసుడు పాలు ఒక్కో నోటి దగ్గర పోసి చూడండి. తెల్లచార ఎటు పోతుందో కనిపిస్తుంది.

మెష్ దగ్గర ప్రాణం పోతుంది

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. గుడ్లు చిట్లినప్పుడు లక్షల గుడ్డు పొరలు ఒక్కసారి నీళ్ళలోకి వస్తాయి. జిగురు జిగురుగా, నురగ కడుతూ, మెష్‌కి పట్టేస్తాయి. అంగుళానికి 60 కళ్ళు ఉండే నైలాన్ మెష్ అది, రంధ్రం పావు మిల్లీమీటరు. మూసుకోవడానికి ఎంతసేపు? లోపల నిలువు పైపు ఎత్తు మారదు కాబట్టి గుండంలో నీటిమట్టం అక్కడే ఉంటుంది. బయటనుంచి నీరు వస్తూనే ఉంది, దారి సగం మూసుకుంది, కాబట్టి బయటి మట్టం లేస్తుంది. ఆ మట్టాల తేడాయే పిల్లని చంపేది.

మామూలప్పుడు ఎంత నెమ్మదిగా పోతుందో చూడండి. మా తొట్టికి నిమిషానికి 90 లీటర్లు వదులుతాం. ఒక మీటరు వ్యాసం, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండం అయితే మెష్ విస్తీర్ణం దాదాపు 2.8 చదరపు మీటర్లు. అంత మెష్‌లో పంచుకుంటే రంధ్రాల్లో నీటి వేగం సెకనుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే. పిల్లకి అది తెలియను కూడా తెలియదు. అదే మెష్ మూసుకుని, లోపలికీ బయటికీ ఒక్క సెంటీమీటరు తేడా వచ్చిందనుకోండి. తెరిచి ఉన్న రంధ్రంలోంచి నీరు, లెక్క ప్రకారం, సెకనుకు 40 సెంటీమీటర్ల పైచిలుకు వేగం దాకా పోగలదు. మెష్ రాపిడికి కొంత తగ్గుతుంది, అయినా మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్లకి పోయింది కదా. మూసుకోని కాసిన్ని కళ్ళ దగ్గరికే నీరంతా పరిగెడుతుంది, పిల్ల దానితో పాటు. ఆ రాత్రి మా తొట్టిలో తేడా రెండంగుళాలు ఉందని కుర్రాడు తర్వాత చెప్పాడు.

నేను వాల్వు ముట్టుకోవద్దన్నాను. అతను తగ్గించాడు. తగ్గించడమే సరి. ఇంకా ముందే తగ్గించాలి, తగ్గించి మెష్ తుడవాలి. గుండం లోపలికి చెయ్యి పెట్టి, లోపలి నుంచి బయటికి నీళ్ళు చల్లుతూ మెత్తని బ్రష్‌తో తుడిస్తే పొరలు బయటికి విడిపోతాయి, వాటితో పాటు అతుక్కున్న పిల్ల కూడా మళ్ళీ నీటిలోకి వెళుతుంది. బయట వైపు నుంచి చేత్తో రుద్దితే పిల్లని మెష్‌కేసి నలిపినట్టే. ఈ తేడా వీడియోలో దగ్గరగా చూపించాను. చిట్లే రెండు మూడు గంటలు ఒక మనిషి అక్కడినుంచి కదలకూడదు, పెళ్ళి ఎవరిదైనా సరే.

ఇప్పుడు గుండాన్ని 120 సెంటీమీటర్లకి పెంచాను, మెష్ ఒకే పొర. లెక్క వేసుకుంటే నాకే సిగ్గేసింది. 60 సెంటీమీటర్ల గుండానికి మెష్ 1.7 చదరపు మీటర్లు, 120కి 3.4. రెట్టింపు. దానికోసం పిల్లకి పోయిన చోటు ఎంత? తొట్టిలో నీరు 6.1 ఘనపు మీటర్ల నుంచి 5.3కి తగ్గింది, అంతే. ఘనపు మీటరుకి 7 లక్షల గుడ్ల దాకా వెయ్యొచ్చని లెక్క ఉంది. ఆ లెక్కన ఈ తొట్టికి 37 లక్షలు పడతాయి. మన నీళ్ళకి, మన కరెంటుకి అందులో సగం దాటొద్దని నా మాట. చోటు కోసం మెష్ తగ్గించిన నా తెలివి ఎందుకూ పనికిరాలేదు. ఇంకో చిన్న విషయం: మెష్‌ని నిలబెట్టే ఊచలు గుండం లోపలి వైపు ఉండాలి, గుడ్డ ముడతలు లేకుండా బయటికి బిగువుగా రావాలి. ఒక్క ముడత ఉంటే అందులో వేలల్లో పిల్ల ఇరుక్కుంటుంది.

పాతకాలపు హాపా పద్ధతి వాళ్ళు ఈ పొరల గొడవని కరెంటు లేకుండానే తేల్చేశారు. బయట రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న సన్నగుడ్డ పెట్టె, లోపల 1.75 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు లోతుతో దోమతెర పెట్టె. గుడ్లు లోపలి దోమతెరలో వేస్తారు, 75 వేల నుంచి లక్ష దాకా. పిల్ల బయటికి రాగానే దోమతెర కళ్ళలోంచి జారి బయటి పెట్టెలోకి వెళ్ళిపోతుంది. పొరలు, చెడిన గుడ్లు లోపలే మిగులుతాయి. లోపలి పెట్టె ఎత్తేస్తే సరి. ఎకరం రెండెకరాల వాళ్ళకి ఇది చాలు. పరుగు తక్కువ ఉన్న కాలువలో, లేదా గాలి తగిలే చెరువు అంచున నాలుగు గుంజలకి కట్టండి. ఉక్కబోసే రాత్రి, గాలి ఆడని చోట కడితే మాత్రం నీరు మారక పిల్ల ఊపిరాడక పోతుంది. అక్కడ ఒకరు కూర్చుని చేత్తో నీళ్ళు కదుపుతూ ఉండాల్సిందే.

పైట్యాంకు ఎత్తు, కరెంటు, నీరు

నిమిషానికి 90 లీటర్లంటే గంటకి 5,400. ఇంటి మీద 10,000 లీటర్ల ట్యాంకు ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాణ్ణి. కరెంటు పోతే రెండు గంటలు కూడా రాదది. ఇంజను పక్కనే ఉండాలి, అందులో డీజిల్ ఉండాలి. ఇది అందరికీ తెలిసిన జాగ్రత్తే.

తెలియనిది ఇంకోటి ఉంది. ట్యాంకులో నీరు తగ్గేకొద్దీ వాల్వు కదపకపోయినా పారుదల తగ్గుతుంది. ట్యాంకు అడుగు తొట్టి నీటిమట్టానికి రెండడుగుల ఎత్తులోనే ఉండి, ట్యాంకులో అయిదడుగుల నీరు ఉందనుకోండి. నిండుగా ఉన్నప్పుడు ఏడడుగుల ఒత్తిడి, ఖాళీ అయ్యేటప్పుడు రెండడుగులు. పారుదల దాదాపు సగానికి పడిపోతుంది. అదే ట్యాంకుని ఎనిమిదడుగుల మీద కడితే పదమూడు నుంచి ఎనిమిదికి మారుతుంది, పారుదల అయిదో వంతు పైచిలుకు తగ్గుతుంది అంతే. మోటారు వేయగానే మళ్ళీ జోరు. రాత్రంతా పిల్ల ఇలా పడుతూ లేస్తూ ఉంటుంది, పొద్దున మనకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. దీనికి మందు చిన్నది. పెద్ద ట్యాంకుకీ తొట్టికీ మధ్య ఒక 200 లీటర్ల డ్రమ్ము ఎత్తులో పెట్టి, దానికి పొర్లిపోయే పైపు పెట్టండి. డ్రమ్ములోకి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే వదలండి, మిగిలింది పొర్లి చేలోకి పోతుంది. డ్రమ్ములో మట్టం మారదు కాబట్టి తొట్టికి ఒత్తిడీ మారదు.

మా వైపు బోరు నీరు ఉప్పు, కాలువ నీరే దిక్కు. దాన్ని ఒక రోజు నిలవబెట్టి, ఇసుకలోంచి వడకట్టి, సన్న మెష్ కట్టి వదులుతాం. మెష్ లేకపోతే కాలువలోంచి వచ్చే సైక్లాప్స్ పురుగులు పిల్లని పట్టుకుంటాయి. తెలంగాణ వైపు మిత్రులకి బోరే ఆధారం. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ, కొన్నిచోట్ల ఇనుము. చిల్లుల పళ్ళేలు మూడు నాలుగు ఒకదాని కింద ఒకటి కట్టి వాటి మీదుగా పోయించండి, వాయువులు తేలిపోతాయి, ఇనుము తుప్పురంగులో పళ్ళేల మీద దిగుతుంది. మోటారు సక్షన్ పైపు జాయింటు ఎక్కడైనా గాలి పీలుస్తుంటే ఆ గాలి ఒత్తిడికి నీళ్ళలో కరిగిపోయి, తొట్టిలో పిల్ల ఒంట్లో బుడగలుగా తేలుతుంది. బొడ్డు కింద తెల్లటి చుక్కతో పిల్ల పైకి తేలుతుంటే రోగం అనుకుని మందు వెతక్కండి, ముందు జాయింటు చూడండి. నీరు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు జూన్ ఎండలో ఉంటే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేం. దాని మీద తాటాకు పందిరి వేసుకోండి.

కొర్రమీను తీద్దామనుకునే వాళ్ళకి ఒక హెచ్చరిక. పైన చెప్పింది ఏదీ దానికి వర్తించదు. కొర్రమీను గుడ్డు నూనెబొట్టుతో నీటి పైన తేలుతుంది, తల్లీతండ్రీ కాపలా కాస్తాయి, దానికి నిలకడ నీరే కావాలి. సుడి తిప్పారంటే గుడ్లన్నీ పోగొట్టుకుంటారు. దాని సంగతి విడిగా ఒక వీడియోలో.

పెట్టుబడి పెట్టలేం, కానీ తొట్టి కావాలి అనే గుంపు రైతులకి భువనేశ్వర్ పక్కన కౌశల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, సీఫా, రూపొందించిన ఫైబర్ హేచరీ ఉంది. విప్పి తీసుకెళ్ళొచ్చు. పొదిగే తొట్టి 1.4 మీటర్ల వ్యాసం, ఒక తడవకి 10 లక్షల స్పాన్ దాకా తీసేలా చేశారు. చిన్న తొట్టి కాబట్టి నీళ్ళు తక్కువ చాలు. మెష్ తుడిచే పని మాత్రం దానికీ తప్పదు.

ఆ కుర్రాడికి ఏడాది తర్వాత ఫోన్ చేశాను. మా తొట్టిలో సగ్గుబియ్యం వేసి, మెష్‌ని కావాలని జిగురు పెట్టి మూసి, బయట నీరు లేవడం కళ్ళతో చూశాక. తప్పు నాదేనని చెప్పాను. "ఆ రోజే చెప్పాను కదండీ" అన్నాడు, అంతే. ఏలూరు దగ్గర వేరే చెరువుల మీద పనిలో ఉన్నాడు, మళ్ళీ మా దగ్గరికి రాలేదు. అతను చెప్పిన దాన్నిబట్టే గుండం లోపలి పైపు మీద, బయటి గోడ మీద ఒకే మట్టంలో ఎర్రరంగు గీతలు గీయించాను. గుడ్లు చిట్లే రాత్రి టార్చి వేసి రెండు గీతలూ చూస్తాం. బయటి నీరు గీత మీదకి వేలి మందం లేచిందంటే వాల్వు తగ్గించి బ్రష్ అందుకుంటాం. కాపలా ఎవరున్నా సరే, నన్ను అడగకుండానే.

నాలుగో రోజు పొద్దున పిల్ల అడ్డంగా ఈదుతూ, నీటికి ఎదురు తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు ఎండెక్కక ముందే నర్సరీ మడుగుకి మార్చాలి. మడుగు నీటిని మెల్లగా కలుపుతూ మార్చే పద్ధతి వీడియో చివరి భాగంలో ఉంది. మీ తొట్టి వ్యాసం, మధ్య గుండం వ్యాసం, నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతున్నారో రాసి పంపండి, మెష్ సరిపోతుందో లేదో లెక్క కట్టి చెబుతాను. నిమిషానికి ఎన్ని లీటర్లో తెలియకపోతే బకెట్ పట్టి, గడియారం చూసుకుని కొలవండి. అందాజా చెప్పొద్దు.